పదకొండు నెంబరు స్పానర్

పడవలో ఏయే పనిముట్లు ఉండాలి, ఏవి అక్కర్లేదు అన్న విషయం మీద నేను మూడు వారాలు పరిశోధన చేశాను. నవ్వకండి. ఇక్కడ అమెరికాలో, బెంటన్‌విల్‌లో నేను చేసే ఉద్యోగమే అలాంటిది. ఏ స్టోర్‌లో ఏ సరుకు ఎప్పుడు అయిపోతుందో, గోడౌన్‌లో ఎంత అదనంగా ఉంచాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ని నేను కనిపెట్టుకుని ఉంటాను. సగం దేశానికి టూత్‌పేస్టు కరువు రాకుండా చూసేవాణ్ణి, పదహారు అడుగుల అల్యూమినియం పడవకి నాలుగు స్పేర్లు చూసుకోలేనా అనుకున్నాను.

ఆ పడవ సెకండ్ హ్యాండ్‌ది. వెనకాల ఒక ఇంజన్, దాని పక్కన పెట్రోల్ ట్యాంకు, ముందు నేను కెప్టెన్‌లా కూర్చునే సీటు. కొన్న మొదటి నెలలోనే, అంటే మే నెలలో, బీవర్ లేక్ నడిమధ్యన ఇంజన్ ఆగిపోయింది. నేనూ మా ఆవిడా మూడు గంటలు ఎండలో మాడాం. చివరికి చేపలు పట్టుకునే ఒక పెద్దాయన జాలిపడి, తాడు కట్టి మమ్మల్ని ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఒడ్డు చేరాక తాళం తిప్పితే ఇంజన్ ఏమీ ఎరగనట్టు శుభ్రంగా స్టార్ట్ అయింది. నా పరువు తీయడానికే పుట్టిన ఇంజన్ అది. షాపులో ప్లగ్గులు మార్చి పంపారు.

మా ఆవిడ ఆ రోజేమీ అనలేదు. జూలైలో మాత్రం తీరిగ్గా చెప్పింది. ఇండియా నుంచి వచ్చిన వాళ్ల నాన్న ఆగస్టులో తిరిగి వెళ్లిపోతారు, ఈలోగా ఒక్కసారి ఆయన్ని పడవలో తిప్పాలి, ఆయన ముందు గనక అది మళ్లీ ఆగిపోతే సోమవారమే అమ్మకానికి పెట్టేయాలి. ఇవీ షరతులు. ఆమె మాట అంటే అంతే. అలా నా పడవ ప్రాణం ఒక్క ఆదివారం మీద ఆధారపడిపోయింది.

ఇక్కడ మామయ్య గారి గురించి చెప్పాలి. ఆయన ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. బస్సు గేటు దాటకముందే చప్పుడు విని ఏ పార్టు పోయిందో చెప్పేవారట. ఈ మాట మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. నేను విన్నాను, మరిచిపోయాను. నాకు తెలిసిన మామయ్య గారు నేను గదిలోకి వస్తే సోఫాలోంచి లేచి నిలబడే మనిషి. నాకంటే పాతికేళ్లు పెద్దవారు, నన్ను ‘మీరు’ అంటారు. నేనేం చెప్పినా ‘అలాగేనండి’ అంటారు. అల్లుడి మాటకి ఎదురు చెప్పడం ఆయన రక్తంలో లేదు. ఇంత విన్నాక, తెలివున్నవాడెవడైనా ఏం చేయాలి? ఆయన్ని కూర్చోబెట్టి అడగాలి. నేను ఆయన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

గ్యారేజ్‌లో సామాను మొత్తం పరిచి, లాప్‌టాప్‌లో నా జాబితా తెరిచాను. ఏ పార్టు పాడయ్యే అవకాశం ఎంత, పాడైతే నష్టం ఎంత, స్పేర్లు ఎన్ని తీసుకెళ్లాలి అని కాలమ్స్. ప్లగ్గులు ఎనిమిది, ఫ్యూజులు డజను, నీళ్లలో తిరిగే పంకాకి రెక్క ఒకటి, నీళ్ల పంపు చక్రం ఒకటి (దాన్ని ఎక్కడ బిగిస్తారో నాకు ఇప్పటికీ తెలియదు), మూడు రకాల టేపులు, రెండు సెట్ల స్పానర్లు, మల్టీమీటర్. స్పానర్‌ని ఎటు తిప్పితే బిగుస్తుందో కూడా ఆయనకి వివరించాను. ఇప్పుడు ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, స్కూల్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దమనిషిలా ఒక్కొక్కటీ చూస్తూ వచ్చారు. సోల్డరింగ్ ఐరన్ దగ్గర ఆగారు.

“ఇది కరెంటుతో పనిచేసేదాండీ?”

అవును మామయ్య గారూ, వైర్లు తెగితే అతికించడానికి అన్నాను. ‘మంచిదండి’ అని ముందుకి కదిలారు. లేక్ మధ్యలో ప్లగ్ పాయింట్ ఎక్కడుంటుందన్న ఆలోచన నాకు రెండు రోజుల తర్వాత స్నానం చేస్తుంటే వచ్చింది. ఎవరూ చూడకుండా దాన్ని తీసి అటక మీద పెట్టాను.

పెట్టె నిండాక, ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెంతో దాన్ని తూచాను. యాభై రెండు పౌండ్లు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, ఎయిర్‌లైన్స్ వాళ్లే ఒప్పుకోరు, పడవ ఒప్పుకుంటుందా అంది. మామయ్య గారితో పాటు వచ్చిన మా అత్తయ్య గారు నీళ్లంటే భయమని రానన్నారు కాబట్టి ఆవిడ బరువు నాకు మిగిలిందని నేను లెక్క చెప్పాను. ఆ మాటకి ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఆదివారం పొద్దున పడవని నీళ్లలోకి దింపాం. మామయ్య గారు మడత నలగని ప్యాంటు వేసుకుని, మెడలో తువ్వాలుతో వచ్చారు. ఎక్కగానే తిన్నగా ఇంజన్ దగ్గరికి వెళ్లి, ముట్టుకోకుండా వంగి చూశారు. తర్వాత పెట్రోల్ ట్యాంకు మూత వైపు చూపించి, దీని మీద చిన్న మర ఒకటి ఉందండీ అని ఆగారు. నేను వెంటనే అందుకున్నాను. దాన్ని ముట్టుకోకండి మామయ్య గారూ, గ్యారేజ్ అంతా వాసన కొడుతోందని నేనే గట్టిగా బిగించాను, వదులైతే పెట్రోల్ ఆవిరైపోతుంది అన్నాను.

“అలాగేనండి,” అన్నారాయన.

పావుగంట బ్రహ్మాండంగా వెళ్లాం. కొండలు, నీళ్లు, మా ఆవిడ ముఖంలో నవ్వు. తర్వాత ఇంజన్ రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

మా ఆవిడ వాళ్ల నాన్న ముందు మాత్రమే నన్ను ‘మీరు’ అంటుంది. “సోమవారం గుర్తుందాండీ?” అంది, ఎంతో మర్యాదగా.

నేను పెట్టె తెరిచాను. ప్లగ్గులు మార్చాను. ఫ్యూజులు మార్చాను. మల్టీమీటర్ ఎర్ర తీగ ఒకచోట, నల్ల తీగ ఒకచోట పెట్టి, వచ్చిన అంకె చూసి తల ఊపాను. ఆ అంకెకి అర్థం ఏమిటో నాకు తెలియదు, అయినా తల ఊపాను. మధ్యలో ఒకసారి ఇంజన్ స్టార్టయ్యి, నా ముఖం వెలిగేంత సేపు నడిచి, మళ్లీ ఆగింది. అరగంట గడిచింది. మామయ్య గారు మోకాళ్ల మీద అరచేతులు పెట్టుకుని, నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నారు. పిలవకుండా రావడం ఆయన పద్ధతి కాదు. పిలవడం నా పద్ధతి కాదు. చెమట కళ్లలోకి దిగాక, వేరే దారిలేక, మీరొకసారి చూస్తారా మామయ్య గారూ అన్నాను.

ఆయన వెంటనే లేచారు. ఆ లేవడంలోని తొందర చూస్తే తెలిసింది, ఆ మాట కోసం ఆయన అరగంట నుంచి కాదు, ఈ దేశం వచ్చిన రోజు నుంచీ ఎదురు చూస్తున్నారని. తువ్వాలు నడుముకి చుట్టుకున్నారు.

“మీ పెట్టెలో పదకొండు నెంబరు స్పానర్ ఉందాండీ?”

ఉంది. రెండున్నాయి. మెరుస్తున్నదాన్ని ఏరి ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి, మీరు కొంచెం ముందుకెళ్లి కూర్చుంటే బరువు సరిపోతుందండీ అన్నారు. బరువు సంగతి నాకు చెప్పక్కర్లేదు కదా, వెళ్లి ముందు కూర్చున్నాను. ఆయన మాకు వీపు పెట్టి వంగారు. టక్ టక్‌మని చప్పుడు. మధ్యలో స్స్‌మని ఏదో చిన్న శబ్దం. మళ్లీ టక్ టక్. ఐదు నిమిషాలయ్యాక నడుం నిటారు చేసి, ఇప్పుడు చూడండి అన్నారు. తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది. ఆ రోజు సాయంత్రం దాకా ఇంకెక్కడా ఆగలేదు.

స్పానర్‌ని తువ్వాలుతో తుడిచి, రెండు చేతులతో నాకిచ్చారు. కూతురి వైపు తిరిగి చెప్పారు. “చిన్న నట్టు వదులైందమ్మా, అంతే. అల్లుడు గారు సరైన సామాను తెచ్చుకోబట్టి సరిపోయింది. లేకపోతే ఈదుకుంటూ పోవాల్సిందే.”

మా ఆవిడ ఆయన్ని చూసింది, నన్ను చూసింది, పులిహోర డబ్బా తీసింది. సోమవారం వచ్చింది, వెళ్లింది. పడవ మాకే మిగిలింది.

ఆ తర్వాత నెల రోజులు నాకు పట్టపగ్గాలు లేవు. ఏ ఇంట్లో పాట్‌లక్ విందు పెట్టినా, బిర్యానీ ప్లేటు చేతిలోకి రాకముందే స్పానర్ కథ మొదలుపెట్టేవాణ్ణి. పడవలో పదకొండు నెంబరు లేకుండా వెళ్లేవాడు అమాయకుడు అనేవాణ్ణి. ఇద్దరు మిత్రులు నా మాట నమ్మి కొనుక్కున్నారు కూడా. వాళ్లకి పడవలు లేవు.

సెప్టెంబర్‌లో, మామయ్య గారు వెళ్లిపోయాక, నేనూ మా ఆవిడా మళ్లీ వెళ్లాం. పావుగంటకి ఇంజన్ దగ్గి ఆగింది. ఈసారి నేను కంగారు పడలేదు. స్పానర్ తీసుకుని, ఆయన వంగిన చోటే వంగాను. ఒక నట్టుకి పెట్టాను, వదులు. ఇంకోదానికి పెట్టాను, ఎక్కలేదు. ఇంజన్ మీద చేతికందిన ప్రతి నట్టుకీ పెట్టి చూశాను. పదకొండు నెంబరు పట్టే నట్టు ఆ పడవలో ఒక్కటంటే ఒక్కటి లేదు.

“మూత మీద మర వదులు చెయ్యి,” అంది మా ఆవిడ వెనకనుంచి.

తిప్పాను. రెండు వేళ్లతో, రెండు చుట్లు. స్స్‌మని గాలి లోపలికి వెళ్లింది. ఆ శబ్దం నాకు తెలుసు. గ్యారేజ్‌లో వాసనని ప్రతిసారీ గాలి పోయే దారి నేనే బిగించేస్తే లోపలి పెట్రోల్ ఎలా కదులుతుంది? మేలోనూ అదే, జూలైలోనూ అదే. ఒడ్డున ఆయన వేలు పెట్టి చూపించిందీ దాన్నే.

నీకెలా తెలుసని అడిగాను.

“నాన్నది కుడిచేతి వాటం. ఆ రోజు స్పానర్ ఎడమ చేతిలో ఉంది, కుడి చెయ్యి మూత మీద ఉంది. ఊరికే ట్యాంకు మీద కొడుతున్నాడు,” అంది. “నేను చిన్నప్పటి నుంచీ ఆయన పని చూస్తూ పెరిగానోయ్.”

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు, పడవ ఎందుకు అమ్మించలేదు అన్నాను.

“ఆయన అంత కష్టపడి నీ పరువు నిలబెట్టాడు. నేనెలా తీస్తాను?”

నాకు సిగ్గేసింది. గ్యారేజ్‌లో ఆయనకి స్పానర్ ఎటు తిప్పాలో చెప్పిన నా గొంతు నాకే వినపడి, ఆ నీళ్లలోకి దూకేస్తే బాగుండనిపించింది. దూకలేదు. లైఫ్ జాకెట్ వేసుకుని ఉన్నాను, దూకినా మునగను.

మరుసటి వారం ఫోన్‌లో అడిగాను. ఆ రోజు నట్టు కాదు కదా మామయ్య గారూ, మూత మీద మరే కదా అన్నాను.

“ఏ మూతండీ?” అన్నారాయన. “ఆ స్పానర్ మాత్రం జాగ్రత్తగా పెట్టుకోండి.”