నవలకు ఇంటర్వెల్

ఆ రోజుల్లో కృష్ణానగర్‌లో ఎవరిని కదిపినా ఒక కథ ఉండేది. నాకు మాత్రం ఇడ్లీ బండి ఉండేది. (కథా ఉండేది, కాని బండి దగ్గర చెబుతూ కూర్చుంటే ఇడ్లీలు చల్లారిపోవూ?) షూటింగుల్లో లైట్లు మోసే మా ఆయన పోయి అప్పటికి ఏడాది. మధ్యాహ్నాలు ఖాళీ గదిలో నాకు నేనే చెప్పుకున్న తోటికోడళ్ల కథ పెరిగి పెరిగి నవలంత అయింది. చెప్పడం వచ్చు, రాయడం రాదు. సంతకానికే చెమటలు పట్టేవి. జూబ్లీ హిల్స్‌లో పుస్తకాలు అచ్చువేసే మేడమ్ ఒకావిడ కొత్తవాళ్ల నవలలు తీసుకుంటున్నారని, శనివారమే ఆఖరని తెలిసి ఫోన్ చేశాను. "కాగితానికి ఒకవైపే టైపు చేయించమ్మా. ఎడమవైపు మార్జిన్ బాగా వదలాలి. కాగితాలు శుభ్రంగా ఉండాలి" అన్నారు. మార్జిన్ తినేదో తాగేదో తెలియకపోయినా "గట్లనే మేడమ్" అన్నాను.

మా గల్లీ చివర టైపు చేసే అతన్ని అందరూ డైలాగుల అన్న అనేవారు. మాటల రచయిత అవుదామని భీమవరం నుంచి వచ్చి, ఇతరుల సినిమా స్క్రిప్టులు టైపు చేస్తూ స్థిరపడిపోయాడు. నేను చెబుతుంటే కొడుతూ, ఏడవాల్సిన చోట ఏడ్చి, "చెల్లెమ్మా, ఇక్కడ ఇంటర్వెల్ పడిందంతే!" అన్నాడు. పొగడ్తనుకుని మురిసిపోయాను. నిజంగానే వేశాడని నాకేం తెలుసు? కట్ట చేతికిచ్చి, "మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు పెట్టాలి, మన స్క్రిప్టులకి ఆనవాయితీ. ఎవరైనా ముత్తయిదువ చేత పెట్టించు" అన్నాడు.

"కథ నాదైతే పసుపు వేరేటోళ్లెందుకు పెట్టాలన్నా?" అని నేనే తడి పసుపు పెట్టాను. కోపంలో కాస్త ఎక్కువే పెట్టాను.

శనివారం మేడమ్ కట్ట అందుకోగానే తెల్లచీర కొంగుకు పసుపంటింది. "ఏంటమ్మా ఇది, నవలా శుభలేఖా?" అన్నారు. పేజీ తిప్పితే నడిమధ్య నిలువుగీత. కుడివైపు మాటలు, ఎడమవైపు తెల్లటి ఖాళీ. సినిమావాళ్లు మనుషులు చేసేది ఎడమన, మాట్లాడేది కుడిన రాస్తారట. నా తోటికోడళ్లు నోరు చేసుకోవడం తప్ప ఇంకేం చేస్తారు గనుక! కట్ట నడుమ పేజీలో పెద్దక్షరాలు చూపించి "నవలలో ఇంటర్వెల్ ఏంటమ్మా?" అని ఆవిడ అడిగేసరికి కట్ట వెనక్కిమ్మని చెయ్యి చాచాను.

"జర ఆగండ్రి మేడమ్, సోమారం మళ్ల కొట్టించుకొస్త."

"ఇవాళే ఆఖరు కదమ్మా" అంటూనే ఆవిడ ఇంకో పేజీ తిప్పారు. పెద్దకోడలు చిన్నకోడలితో "నీ పప్పుల ఉప్పుంటే నా నోట్లె గిన్ని మాటలెందుకొస్తయే?" అన్నచోట ఫక్కున నవ్వి, ఎర్ర కలం తీశారు. "ఈ మాట అన్నప్పుడు ఈవిడ ఎక్కడుంది?"

"పొయ్యికాడ మేడమ్. గంటె చేతులనే ఉంది."

ఆవిడ అది ఎడమవైపు ఖాళీలో రాసుకున్నారు. "నా జన్మలో ఎవరూ నాకింత మార్జిన్ వదల్లేదమ్మా" అన్నారు. అలా ఆవిడ అడుగుతూ, నేను చెబుతూ, ఇంటర్వెల్ పేజీ రాగానే నిజంగానే టీ తెప్పించారు. టీ అయ్యాక "నవల మేం వేస్తున్నాం" అన్నారు. (టీలో చక్కెర తక్కువ. అయినా అడిగే ధైర్యం లేక తాగేశాను.)

ఇప్పుడు ఈ ముచ్చట చెబుతుంటే కొడుతున్నదీ డైలాగుల అన్నే. ఇంటర్వెల్ వద్దని ముందే ఒట్టు వేయించుకున్నాను. నాలుగు మూలలా పసుపు మాత్రం ఇప్పటికీ నేనే పెడతాను. కాకపోతే అప్పటి నాలోని కోపిష్టి పిల్లలా చేతినిండా పూయడం లేదు. చీరలు పాడవుతాయని, చిటికెన వేలితో చుక్క పెట్టి ఊరుకుంటున్నాను.