సుగుణ సిస్టర్ వేయించిన ముగ్గులు

ఈ ఉదయం కామారెడ్డి బస్సులో ఫ్రీ టికెట్టుకు చూపించే ఆధార్ కార్డు కోసం బ్యాగులో చెయ్యి పెడితే వేళ్లన్నీ తెల్లబడ్డాయి. ముగ్గుపిండి పొట్లం మళ్లీ చిరిగింది. ఆ సున్నపు వాసన ముక్కుకు తగలగానే నవ్వు ఆగలేదు. నర్సు బ్యాగులో ముగ్గుపిండి ఎందుకని పక్కనున్నావిడ అడగనే అడిగింది. చెప్పాలంటే సుగుణ సిస్టర్‌తో మొదలుపెట్టాలి.

ఎల్లారెడ్డిలో మా వాడ నల్లా దగ్గర మురికికాలువ మీద బండ సగం విరిగి ఉండేది. బాగున్న వాడల్లో కాలువలన్నీ మూసి ఉండేవి, మాకు ఆ సగం బండే దిక్కు. పదకొండేళ్లప్పుడు నీళ్ల బిందెతో సహా అందులో పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఆస్పత్రిలోనే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. "కండ్లు నెత్తికెక్కినయా? చూస్కొని నడువరాదు?"

కట్టు కడుతున్న సుగుణ సిస్టర్ మాత్రం, "ఏడ పడ్డవ్ బిడ్డా?" అంది. అప్పటిదాకా అందరూ ఎట్లా పడ్డావనే అడిగారు. చోటు చెప్పగానే ఆమె ముఖం మారింది. "గా బండ కాడనే? ఈ నెలల నువ్వు నాలుగోదానివి."

నా భయమంతా చెల్లెలు లావణ్య గురించి. ఆరేళ్ల పిల్ల, రోజూ ఆ బండ దాటే బడికి పోయేది. ఆ మాటే ఏడుస్తూ చెప్పాను. సాయంత్రం సిస్టర్ ముగ్గుపిండి పట్టుకుని మా వాడకే వచ్చేసింది! "ముగ్గును ఎవలు తొక్కరు. నువ్వే ఎయ్యి, నాకు రాదు." నిజంగానే రాదు, ఆమె గీసిన గీత వంకరటింకరగా పోయింది. నేను ఎడమచేత్తో వేసిందే నయం.

మర్నాడు వాడలోని ఆడపిల్లలందరం ఎగబడ్డాం. చువ్వ తేలిన గోడ దగ్గర, గాజుపెంకుల కుప్ప దగ్గర, ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ ముగ్గు. లావణ్య బండ దాకా వచ్చి, ముగ్గు చూసి ఆగి, పై సందులోంచి చుట్టూ తిరిగి బడికి పోయింది. కట్టు చేతితోనే గంతులేశాను.

కొన్నాళ్లకు నల్లా చూడ్డానికి ఒక పెద్ద ఆఫీసరు సారు వచ్చాడు. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక, "ఏందమ్మా, ఇయ్యాల పండుగా?" అన్నాడు.

"కాదు సార్. పిల్లలకు దెబ్బలు తాకిన జాగలు" అంది నా కట్టు చూడ్డానికి వచ్చిన సిస్టర్.

సారు కాలు వెనక్కి తీసుకున్నాడు. వానలకు ముందే కొత్త బండలు పడ్డాయి. గోడ చువ్వ తీయించడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది.

ఇవాళ డ్యూటీలో మోకాలు చీరుకుపోయిన ఓ పిల్ల వచ్చింది. వాళ్లమ్మ చెయ్యి ఎత్తేలోపే అడ్డుపడి, "ఏడ పడ్డవ్ బిడ్డా?" అన్నాను. పిల్ల చెప్పింది. బ్యాగు తెరిచి పొట్లం చూపించాను, సాయంత్రం వస్తానన్నాను. కుట్ల నొప్పి మరిచిపోయి లేచి కూర్చుంది.

"నాకు ముగ్గు ఎయ్యొస్తది సిస్టర్!"