బస్తాల గదిలో కొత్తది

తెనాలి స్టేషన్లో రేపల్లె రైలెక్కబోతుంటే ఎవరి మూటలోంచో తవుడు వాసన కొట్టింది. వెంటనే మనసు లెక్కకు దిగింది. పోయినవి: మూడు గదులు, పదకొండు శబ్దాలు, ఒక ఉద్యోగం, ఒక పేరు. గదులు, శబ్దాలు మేము కంప్యూటర్ మీద తయారు చేసిన దయ్యాల ఆటలోవి. ఉద్యోగం, పేరు మాకు ఆ పని నేర్పిన సలోమి మేడమ్‌వి.

కొట్లో గుమాస్తాగా చేస్తూ లెక్కలు సొంతంగా నేర్చుకున్న నేను, నలభై మూడేళ్లకు తెనాలిలో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో డిప్లొమాకు చేరాను. ప్రాజెక్టుకు నలుగురం ఒక జట్టు. మిగతా ముగ్గురికీ నేను బాబాయ్‌ని. వయసులో నాకంటే చిన్నవారైన మేడమ్, అన్నయ్యగారూ అంటూనే నన్ను చీవాట్లు పెట్టేవారు.

మొదట మేము జుట్టు విరబోసుకున్న ఆడదయ్యాన్ని గీశాం. మేడమ్ తెర వంక చాలాసేపు చూశారు.

"ఏంటండి ఇది? మా అమ్మ రేపల్లె మిల్లులో ఏళ్ల తరబడి ధాన్యం చెరిగింది. జుట్టు నిండా తవుడే. ఆవిణ్ణి చూసి ఎవరూ జడుసుకోలేదు. మీకు నిజంగా దేనికి భయమో అది పెట్టండి."

"నాకు లెక్క తేలకపోతే భయమండి," అన్నాను.

"అయితే బాబాయ్ దయ్యం గల్లాపెట్టెలో ఉంటది," అన్నాడు మా జట్టులో రవి. అందరూ నవ్వారు, మేడమ్ తప్ప. ఆ ఆదివారమే మమ్మల్ని రేపల్లె తీసుకెళ్లి, మూతపడిన మిల్లులో గొలుసులు, రేకులు, ఖాళీ గోదాము చేసే చప్పుళ్లు రికార్డు చేయించారు. మా ఆట అక్కడే పుట్టింది. ఆడేవాడు గోదాములో బస్తాలు లెక్కపెట్టాలి. లెక్కపెట్టిన ప్రతిసారీ ఒకటి ఎక్కువ వస్తుంది. దయ్యం కనపడదు.

"ఎన్ని ఉన్నాయన్నది కాదు అన్నయ్యగారూ, అందులో ఏది కొత్తదో వెతుక్కోవాలి. అప్పుడు వణుకు పుడుతుంది," అనేవారు మేడమ్.

బాపట్లలో పోటీ ప్రదర్శనకు ముందురోజు సంస్థ డైరెక్టరు ఆట చూశాడు. "దయ్యం లేని దయ్యాల ఆట ఏంటమ్మా, జనం నవ్వుతారు," అని ఎక్కడో కొన్న ఆడదయ్యాన్ని తెచ్చి పెట్టించాడు. అది తిరగడానికి అడ్డమని మూడు గదులు కొట్టేయించాడు. దాని కేక వినపడాలని మా శబ్దాలన్నీ తీసేయించాడు.

"అది ఉంటే నేను బాపట్ల రానండి," అన్నారు మేడమ్.

"రావద్దమ్మా. రేపటినుంచి ఇక్కడికి కూడా."

నేను లేచి, ఆ పని ఆవిడదని చెప్పాను. "నీకు డిప్లొమా కావాలా వద్దా?" అన్నాడు. వద్దన్నాను. మర్నాడు బాపట్లలో తెర మీద మేడమ్ పేరున్న చోట అతని పేరుంది. బహుమతి కూడా అతనే అందుకున్నాడు.

కొత్తగా చేరేవాళ్లకు ఆ సంస్థలో ఇప్పటికీ ఆ ఆటే చూపిస్తారు. పని చేసింది ఐదుగురం, తెర మీద పేర్లు ఐదు. లెక్క సరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మేడమ్ దగ్గర నేర్చుకున్నాక నేను మాత్రం ఏ లెక్కనూ సరిపోయిందని వదలలేను. అందులో కొత్తది ఏదా అని చూస్తాను. చూసి, తెనాలి వచ్చిన ప్రతిసారీ ఆ సంస్థ మెట్లెక్కి, మేడమ్ పేరు పెట్టమని అడుగుతాను. ఈ రోజూ ఎక్కి దిగే వస్తున్నాను. మార్చలేదు.

బాకీ: ఒక పేరు.