రెండో బిళ్ళ

చదువు ముగించి, కాట్రేనికోన దగ్గర ఓ పండుగప్ప చేపల హేచరీలో చేరిన మొదటి ఏడాది అది. చేపలు త్వరగా గుడ్లు పెట్టడానికి కొత్తగా తయారైన హార్మోను బిళ్ళను మా దగ్గర పరీక్షిస్తున్నారు. బియ్యపుగింజంత ఉండే ఆ బిళ్ళను తల్లిచేప వీపు కండలో పెట్టాలి. చేపకు ఒక్కటే పెట్టమన్నారు.

ఒక చేపకు పెట్టి మూడు రోజులైనా గుడ్లు రాలేదు. నాకు కాలు నిలవలేదు. రెండో బిళ్ళ తీశాను. ఏళ్ళ తరబడి తల్లిచేపల్ని సాకుతున్న సూరిబాబు గారు పక్కనే ఉన్నారు.

“ఇంకా గుడ్డు ముదరలేదండి మేడంగారూ. పున్నమి దాకా ఆగేరంటే అదే పెడద్దండి.”

“పున్నమి చూసుకుని పనిచేసే రోజులు పోయాయి బాబాయ్‌గారూ. చేపని పట్టుకోండి.”

“ఆయ్” అని తల వంచుకుని పట్టుకున్నారు.

మర్నాడు తొట్టి నిండా గుడ్లు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మరుసటి ఉదయం, పుట్టిన పిల్లల్ని గాజు గ్లాసుతో ముంచి వెలుతురుకు ఎత్తి పట్టాను. ఒక్కటీ తిన్నగా ఈదడం లేదు. వెన్ను కొంకీలా వంగిపోయి, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. ఇంకో గ్లాసు ముంచాను. అవీ అంతే. సాయంత్రానికి అన్నీ చచ్చి అడుక్కి చేరాయి.

సూరిబాబు గారు వాటిని తోడేసి తొట్టి కడిగారు. నన్నో మాట అంటే బాగుండుననిపించింది. రెండో బిళ్ళ సంగతి దాచకుండా రిజిస్టరులో రాశాను. దానివల్లే అలా జరిగిందని ఎవరూ తేల్చలేదు గానీ, నాకు మాత్రం ఒకటే అనిపించింది: తొందర నాది, వెన్ను వంగింది వాటిది.

నేను మేతతో వెళితే, నీళ్ళ మీద నా నీడ పడగానే అన్నిటికన్నా ముందు పైకొచ్చేది ఇప్పటికీ ఆ తల్లిచేపే.