బండ కింద నీళ్ళ పాట

కాజీపేటలో రైలెక్కేటప్పటికి ఇంకా మంచు విడలేదు. లింగంపల్లి దాకా నేరుగా వెళ్ళే బండి కనుక సికింద్రాబాదులో దిగి మారే పని లేదు. పటాన్‌చెరు వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఇదే తేలికైన దారి. పొద్దున బండి అందుకుంటే మధ్యాహ్న భోజనం వేళకు అక్కడ ఉండొచ్చు.

నేను స్కూల్లో సంగీతం టీచరును. మన దేశపు సంగీతం ఎక్కడ పుట్టిందనే పాఠం ఏటా చెబుతాను. పుస్తకంలో జవాబు వేదాల దగ్గర మొదలై, గుళ్ళ మీదుగా రాజుల కొలువుల్లోకి వెళుతుంది. దానికి నేను ఇంకో మాట కలుపుతాను. ఆనందభైరవి లాంటి రాగాలు ముందు జోలపాటల్లో, పెళ్ళిపాటల్లో, పొలం పాటల్లో ఉండి, ఆ తర్వాతే కచేరీకి వచ్చాయని నా నమ్మకం. పిల్లలు వింటారు. విని, అలాంటి పాట ఒకటి పాడమంటారు. ఇదుగో, ఆ రాగంలోని ఈ పాట ఫలానా ఊళ్ళో ఫలానా పని దగ్గర పుట్టిందని చూపించడానికి నా దగ్గర ఒక్కటీ ఉండేది కాదు.

పోయిన నెల దొరికింది. మా స్కూల్లో లెక్కలు చెప్పే సుజాత కొడుకు పెళ్ళి కాజీపేటలోనే ఒక చర్చిలో జరిగింది. పెళ్ళిలో సుజాత ఒక కీర్తన పాడింది.

ఎండలోన నీడ నీవే నా దేవుడా
బండ నుండి నీళ్ళు నీవే నా దేవుడా

మాటలు చర్చివి. వరస మాత్రం ఆనందభైరవి. ఏ గురువు దగ్గరా దిద్దించుకోని, మట్టి వాసన పోని ఆనందభైరవి. భోజనాల దగ్గర సుజాతను పట్టుకుని అడిగాను. ఆ కీర్తన కట్టింది ఇస్నాపూర్‌లో ఉండే వాళ్ళమ్మ మరియమ్మట. వరస మాత్రం మరియమ్మ పుట్టినూరు లక్డారంలో వరి నాటేటప్పుడు పాడుకునే పాటదట. అక్కడ మరియమ్మ అక్క సత్తమ్మ ఇప్పటికీ ఉంది. అయితే ఆ అక్కాచెల్లెళ్ళకు ఈ పాట మీదే మాటలు పోయాయని, పెద్దమ్మ దగ్గర జాగ్రత్తగా మాట్లాడమని సుజాత నాకు రెండుసార్లు చెప్పింది.

లింగంపల్లిలో దిగి పటాన్‌చెరు బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్టుకు డబ్బులు అక్కర్లేదు. నా పక్కన ఒక మందుల కంపెనీ ప్యాకింగులో పనిచేసే అమ్మాయి కూర్చుంది. సెకండ్ షిఫ్టుకు వెళుతోంది. నేనూ ఏదో కంపెనీలో చేరడానికి వచ్చాననుకుంది. పాట వినడానికని చెబితే కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "మా అమ్మకు మస్తు పాటలొచ్చు మేడం. నేనే నేర్సుకోలే. ఆ మిషన్ల సప్పుడుల పాడినా ఎవరికి ఇనవడ్తది?" అంది. దిగేటప్పుడు, ఇస్నాపూర్‌కు షేర్ ఆటో ఎక్కడ దొరుకుతుందో చూపించి వెళ్ళింది.

మరియమ్మ ఇల్లు హైవేకి లోపల రెండు సందులు దాటాక ఉంది. కింద ఆమె ఉంటుంది. పైన వరుసగా కిరాయి గదులు, వాటిలో ఒడిశా నుంచి వచ్చిన కంపెనీ పనివాళ్ళు. మెట్ల పొడుగునా యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. మరియమ్మ పొట్టి మనిషి, గట్టి గొంతు. పుంటికూర పప్పు, అన్నం పెట్టి, నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని మనవడి పెళ్ళి గురించే మాట్లాడింది. సుజాత ఫోన్లో చెప్పి ఉంచిందేమో, చేయి కడుక్కున్నాక నేను అడగకుండానే కీర్తన ఎత్తుకుంది. సుజాత పాడినదానికన్నా నిదానంగా పాడింది. ప్రతి పాదం మొదట్లో ఒక గట్టి ఊనిక, ఆ వెంటనే చిన్న ఖాళీ. సుజాత పాడినప్పుడు ఆ ఖాళీ నాకు వినిపించలేదు.

ఆమె అసలు పేరు మల్లమ్మ. క్రైస్తవుల ఇంటి కోడలై మరియమ్మ అయింది. మామగారు వాక్యం చెప్పేవాడు. కోడలి గొంతు విని కీర్తనలు పాడమన్నాడు. ఆమెకు వచ్చిన వరసల్లో అన్నిటికన్నా ఇష్టమైనది వాళ్ళమ్మ నాట్ల దగ్గర పాడేది. దాని మీద యేసు మాటలు పెట్టి క్రిస్మస్ నాడు మైకులో పాడింది. మర్నాడే అక్క లక్డారం నుంచి నడుచుకుంటూ వచ్చి, ఆ పాట మళ్ళీ పాడొద్దంది. ఈమె వినలేదు. అప్పటినుంచి అక్క చావులకూ పెళ్ళిళ్ళకూ వస్తుంది, పోతుంది. కూర్చుని మాట్లాడింది లేదు.

"నేను దేవుణ్ణి మార్సుకున్ననని కోపం మేడం. కోపముంటే ఉండనీ. నా దేవునికి మా అమ్మ పాట ఇచ్చిన. దొంగతనం చేసిన్నా?" అంది మరియమ్మ.

రేపు నాతో లక్డారం రమ్మంటే రానంది. ఆ రాత్రికి పైన ఖాళీగా ఉన్న గదిలో చాప, దుప్పటి వేసి ఇచ్చింది. పటాన్‌చెరులో లాడ్జీలున్నాయి గానీ, ఆమె వెళ్ళనివ్వలేదు. చీకటి పడ్డాక గాలి తిరిగి, మందుల వాసన ఘాటుగా వచ్చింది. కిటికీ మూసుకుని పడుకున్నాను.

తెల్లవారి టీ తాగి ఆటో మాట్లాడుకుని బయలుదేరాను. దారి పొడుగునా కంకర టిప్పర్లు. రోడ్డు పక్కన చెట్ల ఆకులు కూడా తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి. అటు వెళ్ళేవాళ్ళు ముక్కుకు కట్టుకోవడానికి ఒక గుడ్డ ఉంచుకోవడం మంచిది. ఊళ్ళోకి వెళ్ళాక దుమ్ము తగ్గింది. సత్తమ్మ ఇల్లు అడిగితే వెంటనే చూపించారు.

ఆమె అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. చెల్లెలికన్నా పొడుగు, సన్నం. సుజాతతో పనిచేసే టీచర్నని చెప్పి, పక్కన కూర్చుని నేనూ కాయలు ఒలవడం మొదలుపెట్టాను. నాటు పాటల మాట ఎత్తితే, ఇప్పుడెవరు పాడుతున్నారంది. సగం పొలం ప్లాట్లు అయిపోయింది. మిగిలిన సగంలో బీహార్ వాళ్ళు వచ్చి నాట్లు వేసిపోతారు. తనకు పాటలు గుర్తులేవంది. నేను పట్టుబట్టలేదు. మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న నాటు పాట ఒకటి పాడాను. ఆమె చేతులు ఆపకుండానే విన్నది. రెండో చరణానికి తల ఊపింది. నా పాట అయ్యాక, గొంతు సవరించుకుని, ఎవరో అడిగినట్టు కాకుండా తనకు తోచి పాడినట్టు ఎత్తుకుంది.

ఎండ మీద ఎండ కాసె నా సెల్లెలా
మడిల నీళ్ళు సల్లగుండె నా సెల్లెలా

అదే వరస. "నా సెల్లెలా" అనే చోట నేను వంత కలిపాను. మూడు నాలుగు సార్లు తిప్పి పాడాం. పాడుతుంటే నా చెయ్యి అరుగు మీద తాళం వేస్తోంది. ఆ ఊనిక దగ్గర ప్రతిసారీ ఆగిపోతోంది. నాట్లప్పుడు చేతికి ఆగడమంటూ ఉండదు. నారు తీసి గుచ్చుతూ, గుచ్చుతూ వెనక్కి నడవడమే. అందుకే నాటు పాటలు నీళ్ళలా సాగుతాయి. నేను విన్నవన్నీ అలాంటివే. ఈ పాటలో మాత్రం బరువైన దేన్నో పైకెత్తి, ఒక్క దెబ్బ వేసి, ఊపిరి తీసుకునే ఎడం ఉంది. నాకు సందేహం లేకపోయింది.

"అమ్మా, ఇది మొదట నాటు పాట కాదు గదా. రాళ్ళు కొట్టేటప్పటి పాటలా ఉంది," అన్నాను.

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "మల్లి చెప్పిందా?"

"ఆమెకు తెలియదు. పాట వింటే తెలిసింది."

సత్తమ్మ లేచి గేటు దగ్గరగా వేసి వచ్చింది. ఆ తర్వాత చెప్పింది. వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళు రాళ్ళు కొట్టుకుని బతికేవాళ్ళు. ఎక్కడ బండ పని ఉంటే అక్కడ గుడిసెలు వేసుకునేవాళ్ళు. లక్డారం గుట్ట కింద అలా వచ్చి దిగారు. వాళ్ళ నాయన భూమీ జాగా ఉన్న ఇంటి కొడుకు, ఎడ్లబండి మీద రాయి తోలడానికి వెళ్ళి ఆమెను ఇష్టపడ్డాడు. పెళ్ళి ఎక్కడో దూరాన చేసుకుని, దూరపు చుట్టాల పిల్లని చెప్పి తీసుకొచ్చాడు. ఇంట్లో అత్తకు మాత్రం అసలు సంగతి తెలుసు. పుట్టింటి మాట ఎత్తొద్దని, ఆ గుట్ట వైపు పోవద్దని గట్టిగా చెప్పింది. వాళ్ళమ్మ నోట ఆ పాట మాత్రం పోలేదు. "బండ కింద" అనే పాదాన్ని "మడిల" పాదంగా మార్చి నాట్ల దగ్గర పాడుకుంది. సత్తమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండుసార్లు ఎవరికీ తెలియకుండా ఆమెను అమ్మమ్మ వాళ్ళ గుడిసెల దగ్గరికి తీసుకుపోయింది. సమ్మెటల దెబ్బల మధ్య ఆ పాట సత్తమ్మ అక్కడే విన్నదట. తర్వాత వాళ్ళు ఇంకో గుట్టకు వెళ్ళిపోయారు. మల్లమ్మ ఇంకా పుట్టలేదు.

"అది మైకుల పాడె. గుట్ట కాడ పని చేసినోళ్ళు ఇస్నాపూర్ల అప్పటికి ఇంక ఉన్నరు. నా బిడ్డలు పెండ్లికి ఎదిగిన్రు. ఎవలన్న గుర్తువడ్తె మా అమ్మ ఇజ్జత్ ఏం గావాలె? అండ్ల మల్ల బండ అని గూడ పెట్టింది. నా పానం పోయినంత పనైంది బిడ్డా. దాని దేవునితోని నాకేం కొట్లాట?"

చెల్లెలికి నేను చెప్పనా అని అడగబోయి మానుకున్నాను. అది నేను చెప్పవలసింది కాదు. మీరే చెప్పండి అన్నాను. ఆమె చాలాసేపు కాయలు ఒలిచింది. తర్వాత ఫోన్ చేసి పిలవమంది, ఏమీ చెప్పొద్దంది.

మరియమ్మ అక్కకేమో అయిందనుకుని ఆటోలో వచ్చేసింది. సత్తమ్మ అరుగు మీద మామూలుగా కూర్చుని ఉండడం చూసి గేటు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, నాకు చెప్పినదంతా అక్క మళ్ళీ చెప్పింది. నేను బయటికి వెళ్ళబోతే ఉండమని సైగ చేసింది.

మరియమ్మకు ముందు కోపమే వచ్చింది. "నా మొగడు సచ్చిపోయిననాడు గూడ వచ్చి నీళ్ళు ముట్టకుండ పోయినవ్ అక్కా. నేను మీ కులంల కలువనని ఎంత ఏడ్సినో."

"నీళ్ళు ముడితె కూసుంట. కూసుంటె చెప్పేస్త," అంది సత్తమ్మ. "గందుకే లేసి పోయిన."

మరియమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, అమ్మమ్మ ఎలా ఉండేదని అడిగింది. అక్క ఆమెను తేరిపార చూసింది.

"నీ లెక్కనే. పొట్టిగ. గొంతు గూడ గిదే."

ఆ తర్వాత ఇద్దరూ పాడారు. సత్తమ్మ ఎత్తుకుంది, మరియమ్మ వంత. ఊనిక పడే చోట సత్తమ్మ పచ్చడి నూరే బండ తీసి అరుగు మీద తట్టింది.

ఎండ మీద ఎండ కాసె నా సెల్లెలా
బండ కింద నీళ్ళు ఊరె నా సెల్లెలా

రెండో పాదం దగ్గర మరియమ్మ వంత అందుకోలేకపోయింది. బండ, నీళ్ళు అనే మాటలు తాను బైబిల్లోంచి తీసుకున్నాననే ఇన్నేళ్ళూ అనుకుందట. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ పక్కలో వేసుకుని ఏదో పాడేది, మాటలు గుర్తులేవంది. ఏది ఎక్కడినుంచి వచ్చిందో నేనూ చెప్పలేను. రెండూ నిజమే కావచ్చు.

జొన్నరొట్టెలు, అనపగింజల కూర తిని లేచేటప్పుడు, ఈ పాట పిల్లలకు నేర్పొచ్చా, దీని గురించి రాయొచ్చా అని అడిగాను. మరియమ్మ అక్క వైపు చూసింది. సత్తమ్మ పళ్ళాలు ఒకదాని మీద ఒకటి పెడుతూ, తన బిడ్డల పెళ్ళిళ్ళే కాదు, మనవరాళ్ళ పెళ్ళిళ్ళూ అయిపోయాయంది. పళ్ళాలు తీసుకుని లోపలికి వెళ్ళి మళ్ళీ గడప దగ్గరికొచ్చింది.

"రాయి బిడ్డా. అమ్మ పేరు గూడ రాయి. ఈరమ్మ."

మరియమ్మ ఆ రోజు అక్కడే ఉండిపోయింది. నన్ను ఆటో ఎక్కించడానికి ఇద్దరూ రోడ్డు దాకా వచ్చారు. హైవే మీద బస్సు దొరకడానికి ఇబ్బంది లేదు. సాయంత్రం కంపెనీలు వదిలే వేళకు ముందే బయలుదేరితే కూర్చోవడానికి చోటు కూడా ఉంటుంది. లింగంపల్లిలో టీ తాగేలోపే బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది.

భువనగిరి దాటాక ఎదురు సీటులోని పెద్దాయన, నేను సన్నగా పాడుకోవడం విని, ఏం కీర్తన అని అడిగాడు. ఆయనకు కాస్త సంగీతం తెలుసు. రాగం గుర్తుపట్టాడు కూడా. రాళ్ళు కొట్టేవాళ్ళ పాట అంటే, ఆనందభైరవిని వాళ్ళెక్కడ నేర్చుకున్నారని ఆశ్చర్యపోయాడు. వాళ్ళ దగ్గర మనమే నేర్చుకున్నామని చెప్పాను. జనగామ దాకా వాదించాడు. నేనూ తగ్గలేదు.

మా పాట పుస్తకాల్లో కీర్తన పైన ఎప్పుడూ రాగం, తాళం, కర్త పేరు ఉంటాయి. పనిపాటల దగ్గర కర్త చోట 'జానపదం' అని వేసి వదిలేస్తాం. నేనూ ఇంతకాలం అలాగే రాయించాను. సోమవారం క్లాసులో బోర్డు మీద ఆనందభైరవి అని రాసి, కర్త అన్న చోట ఈరమ్మ, లక్డారం గుట్ట అని రాశాను. ఆమె కూడా ఎవరి దగ్గరో నేర్చుకునే ఉంటుంది. అయినా నాకు తెలిసిన మొదటి పేరు ఆమెది. పిల్లలు ఎవరావిడ అని అడిగారు. ముందు పాట నేర్చుకోండి, ఆ తర్వాత చెబుతానన్నాను. సమ్మెట పడే చోట బల్లల మీద తట్టడం మొదటి చరణంలోనే పట్టుకున్నారు.