పిల్లల క్లబ్బున్న ఓడలో మూడు రాత్రులు

శుక్రవారం పొద్దున ఆరున్నరకు విడవలూరులో పిల్లలిద్దరితో నెల్లూరు బస్సు ఎక్కి కూర్చుంటే మా అక్క కరుణమ్మ కిటికీ దగ్గరకు వచ్చి అంది: "ఆడికి పోయి బిడ్డల్ని మళ్లీ ఎవురికో అప్పజెప్పేదానికా నీకీ ఓడ?"

నేను నోరు తెరిచేలోపే బస్సు కదిలింది.

ఆరేళ్లుగా నేను కువైట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉన్నాను. మా ఆయన పోయాక, ఎనిమిదేళ్ల కెజియానూ రెండేళ్ల జోయెల్‌నూ అక్క చేతుల్లో పెట్టి వెళ్లాను. రెండేళ్లకోసారి నలభై రోజులు సెలవు. కిందటేడు ఆ ఇంటివాళ్లు దుబాయిలో ఓడెక్కి వారం రోజులు షికారు చేశారు, నన్నూ తీసుకెళ్లారు. వాళ్ల చిన్నపిల్ల నేను కనబడకపోతే ఏడ్చేది. అందుకని ఓడలో పిల్లల క్లబ్బు అద్దాల తలుపు బయట, బెంచీ మీద, రోజంతా కూర్చునేదాన్ని. లోపల పిల్లలు మట్టితో చేపలు చేసేవాళ్లు, కాగితాలతో టోపీలు చేసుకుని ఊరేగేవాళ్లు. పక్క గదిలో పెద్ద పిల్లలు పాటలు పెట్టుకుని కేరింతలు కొట్టేవాళ్లు. ఈ గదిలో జోయెల్, ఆ గదిలో కెజియా ఉన్నట్టు ఊహించుకుంటూ నేను పొద్దుపుచ్చేదాన్ని. ఈసారి సెలవుకు వస్తే ముందు నా పిల్లల్ని ఇలాంటి ఓడ ఎక్కించాలని అప్పుడే అనుకున్నాను.

నాలాగా సెలవు మీద వచ్చే తల్లులు ఎవరైనా ఈ ప్రయాణం చేయదలిస్తే, ఓడ బొమ్మలు చూసి టికెట్ కొనకండి. ఫోన్ చేసి అడగండి. నేను అడిగిన మొదటి చోట "పిల్లలకు ఆడుకునే స్థలం ఉందండీ" అన్నారు. అక్కడ ఎవరు కనిపెట్టుకుని ఉంటారు, ఏ వయసు వాళ్లను ఎవరితో కలుపుతారు అంటే "కనుక్కుని చెబుతామండీ" అని ఫోన్ పెట్టేశారు. రెండోచోట ఒకమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఏడు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు ఒక గది, పదమూడు దాటినవాళ్లకు వేరే గది. చిన్నవాళ్లను తల్లిదండ్రులు సంతకం పెట్టి తీసుకెళ్లాలి, పెద్దవాళ్లు తమంతట తాము రావచ్చు, పోవచ్చు. ఏ పూట ఏ ఆట ఉందో రాసిన కాగితం ముందురోజే గదికి వస్తుంది. చెన్నై నుంచి విశాఖపట్నం వెళ్లి తిరిగి వచ్చే ఆ ఓడనే ఎంచుకున్నాను.

నెల్లూరులో ఎనిమిదిన్నరకు చెన్నై రైలు దొరికింది. ఇడ్లీలు అక్క కట్టిచ్చినవే. ఎదురు సీట్లో గూడూరు వెళుతున్న ఒక పెద్దావిడ పిల్లల్ని చూసి మురిసిపోయింది.

"పాప ఏం చదువుతుందమ్మా?"

"ఎనిమిది" అన్నాను.

"తొమ్మిది" అంది కెజియా, కిటికీలోంచి కళ్లు తిప్పకుండానే.

ఆవిడ నవ్వి ఊరుకుంది. నేను ఇడ్లీల డబ్బా మూత పెట్టి సంచిలో సర్దాను. దొరవారిసత్రం దాటేలోపు జోయెల్ రెండుసార్లు మా అక్కకు ఫోన్ చేసి, ఎక్కడిదాకా వచ్చామో చెప్పాడు.

పదకొండున్నరకు చెన్నై సెంట్రల్, అక్కడి నుంచి టాక్సీలో హార్బరు. మీరు ఓడ ఎక్కే వేళకు రెండు గంటల ముందే చేరండి. సామాన్ల తనిఖీకి, కాగితాలకు ఆ మాత్రం టైం పడుతుంది. పిల్లల ఆధార్ కార్డులు చేతి సంచిలోనే పెట్టుకోండి. రెండు దాటాక ఓడలో అడుగుపెట్టాం. మూడింటికి పిల్లల క్లబ్బులో పేర్లు రాయించడానికి వెళ్లాం.

జోయెల్ గురించి నింపమని ఒక ఫారం ఇచ్చారు. ఏం తింటే పడదు? దేనికి భయపడతాడు? ఏడిస్తే ఎలా ఊరుకుంటాడు? కిందటేడు ఇలాంటి ఫారమే ఆ కువైట్ పిల్లలకు నేను చకచకా నింపాను. పెద్దవాడికి వేరుశెనగ పడదు, చిన్నదానికి చెవి వెనక నిమిరితే నిద్ర వస్తుంది. ఇప్పుడు పెన్ను పట్టుకుని నిలబడిపోయాను.

"ఇటియ్యి మా" అని కెజియా తీసుకుంది. రాస్తూనే చెప్పింది: "రొయ్యలు తింటే వీడికి దద్దుర్లొస్తాయి. బెలూన్ పగిల్తే భయం. ఏడిస్తే ఎవురూ పలకరించకూడదు, కాసేపటికి వాడే ఊరుకుంటాడు."

కింద తల్లి సంతకం మాత్రం నాకు వదిలింది.

నాలుగున్నరకు ఓడ కదిలింది. రాత్రి భోజనంలో అన్నం, సాంబారు, కోడికూర, కేకులు, లోటేమీ లేదు. మరుసటి రోజంతా సముద్రమే. పొద్దున తొమ్మిదికి జోయెల్ క్లబ్బులోకి దూరాడు, మళ్లీ వెనక్కి చూడలేదు. కెజియా పెద్దపిల్లల గదికి వెళ్లింది. కాగితంలో రాసినట్టే అన్నీ జరిగాయి. ఆటలు పెట్టేవాళ్లకు ఓపిక ఉంది, పిల్లల పేర్లు మొదటి పూటే వచ్చేశాయి. ఓడను ఎంచుకోవడంలో నేను పొరపాటు పడలేదు.

నేను పైకెళ్లి కాసేపు సముద్రం చూశాను. అక్క మాట గుర్తొచ్చింది. కాళ్లు వాటంతటవే కిందికి తీసుకొచ్చాయి. ఇక్కడా అద్దాల తలుపు బయట బెంచీ ఉంది. కూర్చున్నాను. కాసేపటికి ఒకాయన కూతుర్ని లోపల వదిలి వస్తూ, "ఏ ఇంటివాళ్లతో వచ్చావమ్మా?" అని హిందీలో మర్యాదగానే అడిగాడు.

"మా పిల్లలతో వచ్చానండీ" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది.

మధ్యాహ్నం మూడున్నరకు కెజియా బయటికి వచ్చింది.

"ఈడ కూర్చోనుండావేంది?"

"తమ్ముడి కోసం."

"వాడు ఆరు దాకా రాడు గదా."

వెళ్లిపోతుందనుకున్నాను. పక్కన కూర్చుంది.

"లోపల ఒక ఆట పెట్టినారు. ఇంట్లో ఒకరి గురించి అయిదు సంగతులు చెప్పాల. నేను పెద్దమ్మ గురించి చెప్పినా. అందరూ మీ అమ్మ గురించి చెప్పమన్నారు. రెండే వచ్చినాయి. కువైట్‌లో ఉంటాది, ఫోన్ చేస్తాది."

కోపంగా అని ఉంటే బాగుండేది. హోంవర్క్ లెక్క తప్పిపోయినట్టు, సాయం అడుగుతున్నట్టు అంది.

"అడుగు, చెప్తాను" అన్నాను.

అడిగింది. అక్కడ ఎన్నింటికి లేస్తావు? చర్చికి పోనిస్తారా? ఆ పిల్లలు నిన్నేమని పిలుస్తారు? అబద్ధం చెప్పాలనిపించింది కానీ చెప్పలేదు. చిన్నది కొన్నాళ్లు నన్ను, వాళ్ల భాషలో అమ్మా అన్నట్టు, 'మామా' అని పిలిచేదనీ, వాళ్లమ్మ నొచ్చుకుని మాన్పించిందనీ, ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తుందనీ చెప్పాను.

"మళ్లీ పోతావా?"

"రెండేళ్లు. నువ్వు ఇంటర్‌లో చేరేదాకా."

"పోయినసారీ రెండేళ్లన్నావు."

నిజమే, అలాగే అన్నాను. లోపల ఇంకో ఆట మొదలైనట్టు చప్పట్లు వినిపించాయి. "పో, నీకోసం చూస్తుంటారు" అన్నాను. లేవలేదు. ఆరింటికి జోయెల్ వచ్చేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

ఆదివారం పొద్దున విశాఖలో దిగి, బీచ్ రోడ్డు చూసి, మధ్యాహ్నానికి ఓడెక్కాం. సోమవారం పొద్దున ఏడింటికి కెజియా నన్ను లేపి పైకి తీసుకెళ్లింది. ఫోన్‌లో మ్యాపు తెరిచి చూపించింది. నీలం చుక్క విడవలూరుకు ఎదురుగా ఉంది.

"అమా, మనూరు అటే."

జోయెల్ కమ్మీ మీదికి వంగి చూశాడు. తెల్లటి మంచు, దూరంగా రెండు పడవలు తప్ప ఏమీ లేవు. కువైట్‌లో సెలవు రోజుల్లో సముద్రం ఒడ్డుకు వెళ్లి, ఊరు ఎటువైపు ఉంటుందా అని ఎన్నిసార్లు చూశానో. అప్పుడూ కనబడలేదు, ఇప్పుడూ కనబడలేదు. కానీ ఇద్దరు బిడ్డలూ నా రెండు మోచేతులకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఓడ ఇక్కడ ఆగిపోతే బాగుండుననిపించింది. అది సాగిపోతూనే ఉంది.

ఒంటిగంటకు చెన్నైలో దిగాం. నాలుగింటి రైలుకు ఏడు దాటాక నెల్లూరు చేరాం. అక్క స్టేషన్‌కే వచ్చింది. జోయెల్ పరుగెత్తి ఆమె నడుము పట్టేసుకున్నాడు. బస్సులో ఆమె ఒళ్లోకి ఎక్కి, తను చేసిన మట్టి పీత గురించి, నేర్చుకున్న పాట గురించి, గెలిచిన పందెం గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. నాకు వాటిలో ఒక్కటీ తెలియదు. వెనక సీట్లో కూర్చుని అన్నీ విన్నాను.

ఆ ఓడలో వెళ్లవచ్చా అని అడిగితే, నిస్సంకోచంగా వెళ్లమంటాను. పిల్లలకు అంతకంటే మంచి మూడు రోజులు దొరకవు. కాగితంలో ఎన్ని ఆటలున్నా, ఒక పూట మాత్రం పిల్లల్ని దేనికీ పంపకుండా మీ పక్కనే ఉంచుకోండి.

కోవూరు దాటాక కెజియా నా వైపు జరిగింది.

"ఇంకా ఎన్నాళ్లుంటావు?"

"పదహారు రోజులు."

వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. "రేపు స్కూలుకు పోను" అంది.

"ఎందుకు?"

"ఊరికే. ఇంట్లో ఉంటా."

చదువు పాడవుతుందని చెప్పవలసిన తల్లిని. "సరే, ఉండు" అన్నాను.