బావి గూట్లో పాచి, గట్టు మీద టేకు

అమరచింత దగ్గరి ఒక పల్లెలో జాతర ముందు దిగుడుబావికి సున్నం వేశారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ బావి గోడలో దీపం పెట్టుకునే గూడు ఒకటి ఉంది. దాని లోపల ఒక రకం పాచి పెరిగేది. నీళ్ల మీద తేలే పాచి కాదు, రాయిని పట్టుకుని బతికే బుల్లి మొక్కలు. వనపర్తిలో వృక్షశాస్త్రం చెప్పుకునే నేను దానికోసం గట్టు మండలం వైపు గుట్టలూ, నాగర్‌కర్నూలు వైపు వాగులూ బావులూ గాలించాను. మరెక్కడా కనిపించలేదు. ఉన్నదల్లా ఆ గూట్లో అరచెయ్యంత.

బావి ఒడ్డున ఒక టేకు చెట్టు ఉంది. ఎండాకాలం ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది. చచ్చిపోయిందని ఎవరూ అనరు, వానలకు చిగురిస్తుందని అందరికీ తెలుసు. పాచి చేసేదీ అదే పని. ఎండలకు నల్లగా ముడుచుకుపోయి, నాలుగు చుక్కలు పడగానే పచ్చబడుతుంది. కానీ దాన్ని మాత్రం మురికి అంటారు! చెట్టంత ఎత్తు లేకపోతే అది బతుకు కాదా?

నేను వెళ్లేసరికి గోడంతా తెల్లగా ఉంది. జాతర పనులు చూసే పెద్దమనిషి మెట్లకు ఎర్రమట్టి జాజు పట్టీలు వేయిస్తున్నాడు.

“పెద్దయ్యా, గూట్లో కూడా వేశారా?”

“ఏసినం సారూ. నల్లగ పాచి వట్టి ఉండె. గోకి పారేసినం. సుట్టాలొస్తే ఏమనుకుంటరు?”

“అది బతికున్న మొక్క!”

“ఎండిపోయినదానికి బతుకేంది సారూ? గా టేకు మొద్దుకు గూడ ఏసినం, దానికేమన్న ఐందా?”

టేకుకు ఏమవుతుంది? దానికి మందపాటి బెరడు ఉంది, నీళ్లు తాగడానికి నేల లోతున వేర్లు ఉన్నాయి. పాచికి ఆ రెండూ లేవు. ఒళ్లంతా నోరే, మీద ఏది పడితే అదే తాగుతుంది. దానికి సున్నం తాగించారు. ఈ మాటలన్నీ అరిచే చెప్పాను. జాజు కలుపుతున్న ఆడవాళ్లు నవ్వు ఆపుకుంటూ పక్కకు తిరిగారు. సారుకు ఎండదెబ్బ తగిలిందనుకుని ఉంటారు.

వానలు మొదలయ్యాక మళ్లీ వెళ్లాను. టేకు నిండా చేటంత ఆకులు. గూట్లో సున్నం అక్కడక్కడ పెచ్చులూడింది, దాని కింద వట్టి రాయి. పెద్దమనిషి నన్ను చూసి గొడుగు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

“పరేషాన్ గాకుండ్రి సారూ. వచ్చే జాతరకు గా గూడు ఇడిసిపెడ్తం.”

నిజంగానే వదిలిపెడతాడు, మాట మీద నిలబడే మనిషి. ఆ మర్యాదకే నాకు ఇంకా కోపం వచ్చింది. వదిలిపెట్టడానికి అందులో ఏం మిగిల్చాడు?